పదిహేనో భాగం

మా ఆవిడ హైమావతి పోయిన రోజు గురువారం. ఉదయం ఆరున్నరకి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు పోయింది. మాడు వాసన వస్తే నేను వంటింట్లోకి వెళ్ళాను. గుండె ఆగిందన్నారు డాక్టరు గారు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర సరైన మాటలు లేవు. సరైన మాట దొరకనప్పుడు ఊరుకోమని ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నవాణ్ణి.

ముందురోజు సాయంత్రం మేమిద్దరం ఒక కొరియా సీరియల్లో పద్నాలుగో భాగం చూశాం. మొత్తం పదహారు భాగాలు.

నేను తెలుగు పండితుణ్ణి. కోనసీమలో ఒక కాలవ గట్టు మీది ఉన్నత పాఠశాలలో పని. ఈ సీరియళ్ళ గొడవ నాకెప్పుడూ లేదు. హైమకి మోకాళ్ళ నొప్పులు వచ్చి బయటికి వెళ్ళడం తగ్గాక, పక్కింటి పిల్ల వచ్చి మా టీవీలో పెట్టి వెళ్ళింది. నేను మొదట తెలుగు డబ్బింగులో తప్పులు పట్టడానికి కూర్చున్నాను. అందులో ఒక నాయనమ్మ "ఓ నా ప్రియమైన మనవడా, నువ్వు భోజనాన్ని ముగించావా?" అంటుంది.

"ఏ నాయనమ్మా అలా అడగదు. 'తిన్నావురా?' అంటుంది" అన్నాను.

"మీరు దిద్దడం ఆపి చూడండి. వాళ్ళేం పరీక్ష రాయలేదు" అంది హైమ.

దిద్దడం ఆపాను. నాలుగు సీరియళ్ళు అయ్యేసరికి నాకు కొన్ని సంగతులు తెలిశాయి. ఆ దేశంలో వాన ఇద్దరు మనుషుల కోసం పడుతుంది. దారిన పోయే వాళ్ళందరికీ గొడుగులుంటాయి, ఆ ఇద్దరికీ తప్ప. నాయిక మూడు భాగాలకొకసారి జారిపడుతుంది గాని నేల మీద పడదు. కోపం వస్తే మణికట్టు పట్టుకుని లాగుతారు. ప్రేమ ఉంటే నీళ్ళ సీసా మూత తీసి ఇస్తారు. అందరూ తింటూనే ఉంటారు, అంట్లు తోమేవాళ్ళు ఎక్కడా కనబడరు. చెప్పాల్సిన ఒక్క మాట మొదటి భాగంలోనే చెప్పేస్తే తక్కిన పదిహేను భాగాల అవసరమే ఉండదు. చెప్పరు. ఇది మాత్రం నాకు అసహజంగా తోచలేదు.

"మీకు తోచదు లెండి. పెళ్ళై ఇరవై తొమ్మిదేళ్ళు. మీదింకా మూడో భాగమే" అనేది హైమ.

మేం చూస్తున్న సీరియల్లో నాయిక గొడుగులు బాగుచేసే కొట్టు నడుపుతుంది. ఆమెని ఇద్దరు ఇష్టపడతారు. ఒకడు గొడుగుల ఫ్యాక్టరీ యజమాని కొడుకు. ఇంకొకడు సిటీ బస్సు డ్రైవరు. ఆమె పరిగెత్తుకుంటూ వస్తుందని రోజూ ఒక్క నిమిషం బస్సు ఆపి ఉంచుతాడు. ఆ సంగతి ఆమెకి తెలియదు. హైమ ఆ డ్రైవరు పక్షం. పద్నాలుగో భాగం చివర్లో నాయిక వానలో ఒక వంతెన మధ్య నిలబడుతుంది. అటు చివర వాడు, ఇటు చివర వీడు. ఆమె ఒక అడుగు వేయబోతుంది. అక్కడ ఆగింది.

"ఎటు వెళ్తుందంటారు?" అంది హైమ.

"రేపు తెలుస్తుందిగా. మాత్ర వేసుకో" అన్నాను.

*

హైమ పోయిన మూడో వారంలో ఉత్తర్వు వచ్చింది. నేను సెలవు ముగించుకుని బడికి వెళ్ళిన రోజే వచ్చింది.

"విషయం: పాఠశాల విద్య – ఉపాధ్యాయుల, విద్యార్థుల హృదయ వికాసము – ఆసియా ప్రేమ ధారావాహికల నిర్బంధ వీక్షణ – ఆదేశములు జారీ చేయుట గురించి."

దీని వెనక ఒక అధ్యయనం ఉంది. పై ఆఫీసు నుంచి ఒక పెద్ద అధికారి, కొరియా పిల్లలు లెక్కల్లో ఎందుకు ముందున్నారో తెలుసుకోవడానికి ఎనిమిది రోజులు ఆ దేశం వెళ్ళారు. ఆరు రోజులు వాన పడింది. ఆయన హోటలు గదిలోంచి బయటికి రాకుండా టీవీ చూస్తూ అధ్యయనం పూర్తి చేశారు. ఆ పిల్లలు లెక్కల్లో ముందున్నారు. ఆ ఇళ్ళలో ఈ సీరియళ్ళు చూస్తారు. కాబట్టి సీరియళ్ళు చూస్తే లెక్కలు వస్తాయి. నివేదిక నూట నలభై పేజీలు.

మాకప్పటికే ఫోన్లలో మూడు యాప్‌లున్నాయి. మరుగుదొడ్ల ఫొటో ఒకదానిలో పెడతాం, గుడ్ల ఫొటో ఇంకొకదానిలో, మా ముఖాలు మూడోదానిలో. ఇప్పుడు 'హృదయ వికాసం' అని నాలుగోది వచ్చింది. ప్రతి ఉపాధ్యాయుడూ ఒక సీరియల్ ఎంచుకుని పదహారు భాగాలూ చూడాలి. భాగానికి యాభై మాటల్లో వీక్షకుని అభిప్రాయం రాయాలి. కన్నీళ్ళతో ఒక ఫొటో పెట్టాలి. గురుపూజోత్సవం నాటికి నూరు శాతం పూర్తయిన మండలానికి సన్మానం.

హెడ్మిస్ట్రెస్ విక్టోరియా మేడం స్టాఫు మీటింగు పెట్టింది. "ఇంకోటి కూడా ఉందండి. ప్రతి బళ్ళోనూ ఒక మొదటి హీరో, ఒక రెండో హీరో, ఒక అత్తగారు, ఒక జ్ఞాపకం పోయిన మనిషి ఉండాలంట. రిజిస్టరు నంబరు పద్నాలుగు. రేపు పదకొండింటికల్లా పేర్లు పంపాలి. మొదటి హీరోకి మన పీటీ మాస్టార్ని రాశాను. రెండోది బులిరాజు గారు."

లెక్కల మాస్టారు బులిరాజు గారు కుర్చీలోంచి లేచారు. "పీటీ మాస్టారిది నా తరవాతి డీఎస్సీ అండి. నా తరవాత వచ్చినాయన మొదటోడూ, నేను రెండోవోణ్ణీ ఎలాగవుతానండి? సీనియారిటీ జాబితా తియ్యండి."

"ఇది సీనియారిటీ కాదండి బాబూ. కాస్త చూడ్డానికి..."

"చూడ్డానికి అని జీవోలో ఉందాండీ? ఏ పేరాలో ఉందో చూపించండి. సంతకం పెట్టి కూర్చుంటాను."

ఏ పేరాలోనూ లేదు. బులిరాజు గారు సంఘానికి ఫిర్యాదు చేశారు. సంఘం నాయకులు వచ్చి ఇద్దరి సర్వీసు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టి చూశారు. సోమ, బుధ, శుక్రవారాలు బులిరాజు గారూ, తక్కిన రోజులు పీటీ మాస్టారూ మొదటి హీరోగా ఉండేటట్టు రాజీ కుదిరింది. అత్తగారికి ఎవరూ ముందుకి రాలేదు. "పోన్లెండి, ఇంట్లో ఎలాగూ చేస్తన్నాను" అని విక్టోరియా మేడం తన పేరే రాసుకుంది.

చివరికి నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "త్రిమూర్తులు మాస్టారూ, మీరేం అనుకోనంటే... ఆ జ్ఞాపకం పోయిన మనిషి... దానికి మాట్లాడే పని తక్కువుంటదండి."

"రాసుకోండమ్మా" అన్నాను. ఆ ఉదయం పాలగిన్నె మీద ఏ మూత ఉందో కూడా నాకు గుర్తుంది.

*

కన్నీళ్ళ దగ్గర పేచీ వచ్చింది. పొడి కళ్ళతో ఫొటో పెడితే యాప్ ఒప్పుకోదు. "భావోద్వేగము లభించలేదు. మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. రెండు రోజులు ప్రయత్నించాక మా స్టాఫు అంతా మధ్యాహ్న భోజనం వంటశాల వైపు నడిచారు.

వంట చేసే నూకరత్నం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏటండీ మాస్టర్లూ! పిల్లల సాంబార్లో ఉల్లిపాయ లేదంటే మళ్ళీ నన్నే అడుగుతారు. మీ ఏడుపుకి నా ఉల్లిపాయలేటండీ?"

"పై నుంచి ఆర్డరు రత్నం" అన్నారు బులిరాజు గారు.

"పైనోళ్ళని ఉల్లిపాయలు కూడా పంపమనండి!"

ఉల్లిపాయలు పంపలేదు. బడికి రెండు గొడుగులు పంపారు, వాన పడిన రోజు ఒకటి మాత్రమే వాడవలెనని. పీటీ పీరియడ్లో జారిపడటం, పట్టుకోవటం నేర్పమన్నారు. పిల్లలు జారిపడటం వెంటనే నేర్చుకున్నారు. పట్టుకోవటం ఎవరికీ రాలేదు. ఒక్క వారంలో ప్రథమ చికిత్స పెట్టెలో దూది అయిపోయింది.

నా సంగతి వేరు. టీవీకి నా ఫోను నంబరే ఇచ్చి ఉండటంతో యాప్ మా ఇంటి టీవీని వెతికి పట్టుకుంది. అందరికీ సున్నా చూపిస్తున్న రోజున నాకు పదహారుకి పద్నాలుగు చూపించింది. ఆ పద్నాలుగింటికీ అభిప్రాయాలు రాయమంటే రాశాను. హైమ ఎక్కడ నవ్విందో, ఎక్కడ "అయ్యో, వెధవా, వెనక్కి చూడరా" అందో గుర్తున్నంతవరకు రాశాను. ఫొటోలు మొదటిసారికే ఆమోదం పొందాయి. జిల్లాలో ప్రథముడినని నాకు శాలువా కప్పారు.

బులిరాజు గారు నన్ను పక్కకి పిలిచారు. "మాస్టారూ, మీరు ఏ ఉల్లిపాయ వాడతన్నారండీ? తెల్లదా, ఎర్రదా?"

"ఉల్లిపాయ కాదండి. పొద్దున్న పాలు కాచుకునేటప్పుడు ఫొటోలు తీసుకున్నాను."

"పాలకి కళ్ళు మండుతాయేంటండీ?"

"కొందరికి" అన్నాను.

*

ఆగస్టు మధ్యకి మండలంలో మూడు వందల పన్నెండు మంది ఉపాధ్యాయుల్లో మూడు వందల పదకొండు మంది పదహారు భాగాలూ పూర్తి చేశారు. మండలాఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే అబ్బులు అనే ఆయన అందరి తరఫునా నొక్కేస్తున్నాడు. ఒక రోజులో నాలుగు వందల భాగాలు చూశాడట. యాప్‌లోని పటం మీద మండలమంతా పచ్చగా మారింది. కాలవ గట్టు దగ్గర ఒక్క చుక్క ఎర్రగా ఉంది. అది నేను.

మండల విద్యాధికారి భూషణం గారు మోటారు సైకిలు మీద వచ్చారు. "ఏంటండీ మాస్టారూ, శాలువా కప్పించుకున్న మనిషి మీరు. ఆ రెండూ చూసేస్తే అయిపోద్ది కదా! పోనీ, అబ్బులు చేత నొక్కించెయ్యమంటారా?"

"చూడకుండా అభిప్రాయం ఎలా రాస్తామండీ?"

"అభిప్రాయానికి చూడాలాండీ? నిరుడు నేను నలభై బళ్ళు తనిఖీ చేశాను. వెళ్ళింది ఎన్నింటికనుకున్నారు?"

ఆయన ఫోను తీసి, పూర్తి చేయలేకపోవడానికి కారణాల పట్టీ తెరిచారు. నాలుగున్నాయి. కరెంటు లేదు. సిగ్నలు లేదు. ఎన్నికల విధులు. ప్రసూతి సెలవు.

"ఇతరములు అని ఒకటుండాలి కదండీ" అన్నాను.

"ఉండేదండి. అందరూ అదే నొక్కుతున్నారని తీసేశారు. పోనీ ప్రసూతి సెలవు పెట్టేద్దామా?"

"నాకు యాభై ఏడండి."

"అది వయసు అడగదు లెండి. అసలు మీకొచ్చిన ఇబ్బంది ఏంటో చెప్పండి మాస్టారూ."

ఉన్నమాటే చెప్పాను. "మా ఆవిడతో కలిసి చూస్తున్నదండి అది."

భూషణం గారి ముఖం విప్పారింది. "ఓస్, అంతేనా! మేడం గారిని కూడా కూర్చోబెట్టుకుని చూసెయ్యండి. ఆదివారం చాలదేంటండీ?"

ఆయన మా ఇంట్లో పదకొండో రోజు భోజనం చేసి వెళ్ళిన మనిషి. గుమ్మడికాయ పులుసు బావుందని రెండోసారి వేయించుకున్నారు కూడా. అన్న తరవాత ఆయనకే గుర్తొచ్చింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మోటారు సైకిలు వైపు వెళ్ళిపోయారు. పద్నాలుగో నంబరు రిజిస్టర్లో జ్ఞాపకం పోయిన మనిషి కింద నా పేరు పొరపాటున పడిందేమో అనిపించింది.

ఆయన ఊరుకున్నా పై ఆఫీసు ఊరుకోలేదు. నాకు మెమో వచ్చింది.

"మీరు పదిహేనవ భాగమును ఉద్దేశపూర్వకముగా వీక్షించక, తద్వారా నాయికను వంతెన మధ్యభాగమున వర్షములో ఏడు వారములుగా నిలిపి ఉంచినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. మీపై శాఖాపరమైన చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

ఆమెను అక్కడ నిలిపింది నేను కాదనీ, గొడుగులు బాగుచేయడం ఆమె వృత్తి కాబట్టి తడిసే ప్రమాదం తక్కువనీ సవినయంగా రాసి పంపాను.

*

ఆగస్టు ఆఖరి వారంలో జిల్లా విద్యాధికారి గారే వచ్చారు. నా సంజాయిషీలో వినయం ఎక్కువై అనుమానం కలిగించిందట. అధికారుల సమక్షంలో నాచేత పదిహేనో భాగం చూపించి, అక్కడికక్కడే ఫొటో తీయించాలని నిర్ణయం. తెరా ఫ్యానూ రెండూ పనిచేసే గది తొమ్మిదో తరగతిది ఒక్కటే. పిల్లల్ని వరండాలోకి పంపేసి గదిలో కుర్చీలు వేశారు.

"మాస్టారు గారూ" అన్నారు జిల్లా అధికారి గారు, నిలబడే. "భావోద్వేగము అనునది వ్యక్తిగత విషయము కాదు. అది ఒక లక్ష్యము. లక్ష్యమునకు గడువు ఉండును. గడువు దాటిన భావోద్వేగము పరిగణనలోనికి రాదు. కూర్చోండి."

భూషణం గారు యాప్ తెరిచి తెరకి కలిపారు. యాప్ మొదట గదిలో ఉన్నవాళ్ళ ముఖాలు చూస్తుంది. చూసి, తెర మీద పెద్ద అక్షరాలతో రాసింది: "ఈ గదిలో ఇద్దరు వీక్షకులు మొదటి భాగము చూడలేదు. ఏడవ నిబంధన ప్రకారము ఎవరునూ ముందు భాగములు చూడక తరువాతి భాగము చూడరాదు."

ఆ ఇద్దరూ ఎవరో చెప్పనక్కర్లేదు. ఇద్దరి పేర్ల ఎదురుగానూ నూరు శాతం అని ఉంది.

"ఎవరయ్యా ఈ ఏడో నిబంధన పెట్టింది?" అన్నారు జిల్లా అధికారి గారు.

భూషణం గారు నిబంధనల కాగితం చివర చూపించారు. సంతకం జిల్లా అధికారి గారిదే. నిబంధనని సడలించే అధికారం పై ఆఫీసుకి మాత్రమే ఉంది. పై ఆఫీసు అధ్యయన యాత్రలో ఉంది.

"సరే, పెట్టండి. ఒక్కటి చూసి ఆలోచిద్దాం."

"నేను అవన్నీ చూశానండి. నాకు క్లాసుంది" అన్నాను. వరండాలో పిల్లలకి పద్యం చెప్పడానికి వెళ్ళాను.

భోజనం వేళకి లోపల మూడో భాగం నడుస్తోంది. జిల్లా అధికారి గారు మధ్యాహ్నం సమీక్షా సమావేశాన్ని అనివార్య కారణాల వల్ల వాయిదా వేశారు. సాయంత్రానికి అయిదు భాగాలయ్యాయి. మర్నాడు పొద్దున్న బడి గంట కొట్టకముందే జీపు వచ్చి ఉంది. బయట ఎండ కాస్తోంది. కిటికీలోంచి వాన చప్పుడు వినబడుతోంది. నేను వేమన కాలం నాటి సంగతులు చెబుతుంటే లోపల్నుంచి జిల్లా అధికారి గారి గొంతు, "అయ్యో, ఆ బస్సువాడు రోజూ ఆపుతున్నాడమ్మా, ఒక్కసారి చూడవేం!" అంది. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను ఆపమనలేదు.

నూకరత్నం టీ పట్టుకుని లోపలికి వెళ్ళింది. "ఉల్లిపాయ తెమ్మంటారాండీ?" అని అడగడం విన్నాను.

"అక్కర్లేదమ్మా" అన్నారు జిల్లా అధికారి గారు. చేతిలో ఉన్న ఫైలుతోనే ముఖం తుడుచుకున్నారట. అది నా ఫైలు.

మూడో రోజు నాలుగింటికి పద్నాలుగో భాగం అయింది. లోపల చప్పుడు ఆగిపోయింది. జిల్లా అధికారి గారు వరండాలోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు. మూడు రోజుల్లో ఆయన భాషలోంచి 'అనునది' పోయింది.

"మాస్టారూ, ఎటు వెళ్తుందంటారు?"

చేతిలో సుద్దముక్క కింద పెట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"బస్సు డ్రైవరు వైపేనని మా ఆవిడ నమ్మకమండి."

"మరి మీ నమ్మకం?"

"నేను ఆ రోజు చెప్పలేదండి."

ఆయన భూషణం గారి వైపు చూశారు. భూషణం గారు తల వంచుకున్నారు. తరవాత జిల్లా అధికారి గారు నెమ్మదిగా, "రండి మాస్టారూ. అందరం కలిసి చూద్దాం. రెండు గంటలు" అన్నారు. గుమ్మంలోంచి లోపలి కుర్చీలు కనబడుతున్నాయి. ఒకటి నాకోసం ముందు వరసలో వేసి ఉంది. దాని పక్కది ఖాళీగా ఉంది.

"మీరు చూడండి. చూశాక మాత్రం నాకు చెప్పకండి" అన్నాను.

వాళ్ళు చూశారు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆరింటికి ఇద్దరూ బయటికి వచ్చారు. జీపు దాకా వెళ్ళి, జిల్లా అధికారి గారు వెనక్కి తిరిగి నా వైపు చూసి నోరు తెరిచారు. భూషణం గారు గబుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నారు. ఆయన నోరు మూసుకుని జీపెక్కారు. తనకి తెలిసిన మాట ఒక అధికారి చెప్పకుండా వెళ్ళడం నా సర్వీసులో అదే మొదటిసారి.

*

మండలానికి సన్మానం రాలేదు. నా మీద చర్యా రాలేదు. పది రోజులకి కారణాల పట్టీలో అయిదోది చేరింది: "కలిసి చూచువారు లేరు." దాని కింద చిన్న అక్షరాలతో, ధ్రువపత్రము జతపరచవలెను అని ఉంది.

రెండో సీరియల్ విడత మొదలైన మొదటి వారంలోనే జిల్లాలో రెండు వందల మంది ఆ కారణం నొక్కారు. అందులో బులిరాజు గారొకరు.

"మీ ఆవిడ గారు నిక్షేపంలా ఉన్నారు కదండీ?" అన్నాను.

"ఉందండి. పక్క గదిలో తలుపేసుకుని వేరే సీరియల్ చూస్తంది. పిలిస్తే పలకదు. కలిసి చూసేవోళ్ళు లేనట్టే కదండీ?"

అది పరిగణించవలసిన వాదమేనని పై ఆఫీసు ఒక కమిటీ వేసింది.

నేను ఆ కారణం నొక్కలేదు. ధ్రువపత్రం బీరువాలో ఉంది. తేదీ రాయాల్సిన చోట ఆ గురువారం తేదీ రాయాలి. ఫోను వారానికొకసారి గుర్తు చేస్తూనే ఉంది. మూడు రోజులు వరండాలో గడిచినందువల్ల తొమ్మిదో తరగతికి రెండు పాఠాలు వెనకబడ్డాయి. వాటిని వచ్చే వారం పూర్తి చేస్తాను. సాయంత్రం టీవీ పెడితే ముందుగా ఆ వంతెనే వస్తుంది. ఆమె ఒక కాలు ఎత్తి ఉంటుంది.

పదిహేనో భాగం ఇంకా చూడలేదు.